తాళంచెవి ఇంట్లో గుండె గుర్తు

1948లో మారిషస్‌లో ఓటు వెయ్యాలంటే చదవడం, రాయడం రావాలి. ఇంగ్లీషో ఫ్రెంచో రానక్కర్లేదు. ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా నాలుగు చిన్న వాక్యాలు రాసి, పేరు సంతకం చేస్తే చాలు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. అంతకు ముందు ఆస్తిపాస్తులున్న ఏ 12 వేల మందికో ఉన్న ఓటు ఆ ఒక్క మార్పుతో 70 వేలు దాటింది. అలా దాటిన వాళ్లలో మా మామయ్య ఒకరు.

ఈ సంగతి ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో! ఒకసారి పరీక్ష పెట్టినవాడు తెల్లదొర అనేవారు, మరోసారి కురెపీప్ నుంచి వచ్చిన క్రియోల్ గుమాస్తా అనేవారు. ఒకసారి వాన పడుతోందనేవారు, మరోసారి మిట్టమధ్యాహ్నం ఎండ అనేవారు. రాసిన వాక్యాలు మాత్రం ఎప్పుడూ మారేవి కావు. "నేను చెరకు తోటలో పని చేస్తాను. నాకు ఇద్దరు పిల్లలు." అప్పటికి మా ఆయన కడుపులో ఉన్నారో, పుట్టేశారో! ఆ లెక్క మీద మా అత్తయ్యకీ ఆయనకీ ఎప్పుడూ తగువే.

మామయ్య ముత్తాత విశాఖపట్నం జిల్లా నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చారు. ఏ ఊరో ఎవరికీ గుర్తు లేదు. కోరంగి రేవు నుంచి వచ్చే ఓడల వల్ల తెలుగువాళ్లను ఇక్కడ 'కోరంగీలు' అనేవారు. మామయ్యకు అక్షరాలు నేర్పింది వాళ్ల క్యాంపులోని ఒక ముసలాయన. తాటాకు పాకలో, దీపం ముందు, చిరిగిన పెద్దబాలశిక్ష పెట్టి నేర్పాడట. అవి బిసూన్‌దొయాల్ సోదరుల మనుషులు ఊరూరా తిరిగి హిందీలో సంతకాలు నేర్పుతున్న రోజులు. తెలుగువాళ్లకు తమ అక్షరాలు తమకున్నాయని మామయ్య గర్వం. చివరిదాకా చెరకు తూకాల పుస్తకం తెలుగు అంకెలతోనే రాసుకున్నారు. ఆ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉంది. అట్ట మీద నూనె మరకలున్నాయి. లోపల ౩కీ ౨కీ తేడా తెలియదు. మిల్లు వాళ్లు ఇంగ్లీషులో ఇచ్చిన చీటీ పక్కన ఈయన తన తెలుగు లెక్క కట్టి, తేడా వస్తే ఎర్ర పెన్సిలుతో గీత గీసేవారు. ఎర్ర గీతలు చాలానే ఉన్నాయి.

నేను విజయనగరం పిల్లని. మా ఆయన వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చి, మా నాన్నగారికి నచ్చారు. 1974లో పెళ్లయింది. బొంబాయిలో విమానం ఎక్కి ప్లెజాన్స్‌లో దిగితే, రోడ్డుకి రెండు పక్కలా చెరకు తప్ప ఇంకేమీ కనబడలేదు. రోజ్ బెల్ దగ్గర మా ఇల్లు. ముందు గదిలో వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన అదే ఎత్తులో సర్ శివసాగర్ రామ్‌గూలామ్ పటం. రెంటికీ ఒకే దండ. ఆయన అప్పటికి ప్రధానమంత్రి. ఇంట్లో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు, 'చాచా' అంటారు. లేబర్ పార్టీ గుర్తు తాళంచెవి. మామయ్య మాటల్లో చెప్పాలంటే చాచా తాళం తీశాడు, మనం లోపలికొచ్చాం. అంతే రాజకీయం.

ఆ తాళం అంత సులువుగా రాలేదని మెల్లిగా తెలిసింది. 1967 ఆగస్టు ఎన్నికలు స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్న దాని మీదే జరిగాయి. గెటాన్ దువాల్ పార్టీ కోడిపుంజు గుర్తు మీద వద్దంది. నూటికి 44 మంది దాకా ఆయన వైపు నిలబడ్డారు. స్వాతంత్ర్యం వచ్చిన 1968 మార్చి 12కి రెండు నెలల ముందు పోర్ట్ లూయిలో క్రియోల్‌లకీ ముస్లిములకీ గొడవలు జరిగి, బ్రిటిష్ సైన్యం రావలసి వచ్చింది. మా ఇంటి వెనక ఉండే క్రియోల్ కుటుంబం ఆ రోజుల్లో రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్లిపోయిందట. మళ్లీ రాలేదు. వాళ్ల పనసచెట్టు మాత్రం మా పెరటివైపు వాలి ఉండేది. కాయలు మేమే కోసుకునేవాళ్లం. అత్తయ్య మొదటి కాయ కోసిన ప్రతిసారీ ఆ ఇల్లాలి పేరు తలచుకునేది. ఆ పేరు నాకిప్పుడు గుర్తు రావడం లేదు. ఎంత ఆలోచించినా రావడం లేదు.

మా మరిది నాకన్నా చాలా చిన్నవాడు. నేను వచ్చేసరికి కాలేజీ పిల్లాడు. 1975 మే 20న ఒక కాలికి బూటు లేకుండా, కళ్లు ఎర్రగా వాచిపోయి ఇంటికొచ్చాడు. ఆ రోజు వేలమంది విద్యార్థులు పోర్ట్ లూయి వైపు ఊరేగింపుగా వెళ్తుంటే గ్రాండ్ రివర్ వంతెన దగ్గర పోలీసులు బాష్పవాయువు వదిలారు. అత్తయ్య కొబ్బరినూనె తెచ్చింది, నేను చన్నీళ్లు తెచ్చాను. మామయ్య గుమ్మంలో నిలబడి ఒకటే అడిగారు.

"ఎవుల మీదికెళ్లినావురా? చాచా మీదికా?"

"చాచా మీదికి కాదు నాన్నా, ఆ చదువు మీదికి" అన్నాడు వాడు. తండ్రీకొడుకుల మధ్య తెలుగు అంతవరకే సాగేది. తర్వాత క్రియోల్‌లోకి మారిపోయేవారు. ఆ క్రియోల్ నాకు సగమే అర్థమయ్యేది, కోపం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

ఆ ఏడాది ఆఖరుకి ఓటు వయసు 18కి తగ్గింది. మరిది పెట్టె లోపలివైపు గుండె గుర్తు కాగితం అంటించుకున్నాడు. అది ఎం.ఎం.ఎం. గుర్తు, పాల్ బెరాంజే పార్టీ. 1970లో ట్రియోలేలో, చాచా సొంత ఇలాకాలో, ఆ పార్టీ తరఫున ఉప ఎన్నిక గెలిచిన దేవ్ విరాస్వామిది తెలుగు మూలాలున్న కుటుంబం. తర్వాత క్రియోల్ భాషలో నాటకాలు రాసి పెద్దపేరు తెచ్చుకున్నాడు. మామయ్యకు ఆయన పేరు వింటే ఒళ్లు మండేది, అంతలోనే "అయినా మనోడే కదా" అనేవారు. ఆ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో వచ్చేవి.

1972లో జరగాల్సిన ఎన్నికలు వాయిదాలు పడి పడి 1976 డిసెంబర్ 20న జరిగాయి. నాది అప్పటికి భారతీయ పాస్‌పోర్టే. అయినా కామన్‌వెల్త్ దేశాలవాళ్లు రెండేళ్లు ఇక్కడ కాపురమున్నాక ఓటు వెయ్యొచ్చని చట్టం. ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకునే గుమాస్తా నా పేరు కూడా రాసుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. విజయనగరంలో ఓటు వెయ్యడానికి వయసు చాలని నేను, సముద్రం అవతల మొదటి ఓటు వెయ్యబోతున్నాను!

ఆ డిసెంబర్ నాకు వాసనలుగా మిగిలింది. రోడ్డు పొడవునా ఫ్లాంబొయాన్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. సంతలో లీచీ పళ్లు, స్తంభానికీ స్తంభానికీ మధ్య కట్టిన పార్టీ తోరణాల్లో కొత్త రంగు వాసన. ఎర్రవి తాళంచెవివి, ఊదావి గుండెవి. మా వీధి మలుపులో కుర్రాళ్లు వేసుకున్న పార్టీ శిబిరం, 'బాజ్' దగ్గర రాత్రిళ్లు బిర్యానీ వండేవారు. మరిది అక్కడే భోంచేసేవాడు. మామయ్యకు కంచం పెట్టేటప్పుడు అత్తయ్య చిన్నకొడుకు కంచం కూడా పక్కన పెట్టేది. అది అలాగే ఖాళీగా ఉండేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

పోలింగు ప్రాథమిక పాఠశాలలో. ఇక్కడ ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు, ఒక్కో ఓటరుకి మూడు ఓట్లు. బ్యాలట్ కాగితం చేతికిచ్చారు. పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి, పక్కన బొమ్మలు. తాళంచెవులు మూడు ఒక చోట లేవు, ఏరుకోవాలి. గది లోపల పిల్లలు ఫ్రెంచిలో రాసిన ఎక్కం ఒకటి గోడ మీద ఉంది. పెన్సిలు మొండిగా ఉంది. ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు గానీ, ఇప్పుడు చెప్పెయ్యడానికి అడ్డేమీ లేదు. రెండు గుర్తులు తాళంచెవి మీద వేశాను, ఒకటి గుండె మీద వేశాను. మూడో తాళంచెవి అభ్యర్థి మీద నాకు కోపమేమీ లేదు. ఆ ఖాళీ కంచం కళ్ల ముందుంది. ఆ ఇంట్లో ఎవరి పక్షమో తేల్చుకోవలసిన పని నాకు రాకూడదనుకున్నాను, అంతకన్నా వేరే రాజకీయం ఆ రోజు నా దగ్గర లేదు.

లెక్కింపు మర్నాడు. వసారాలో రేడియో చుట్టూ వీధి వీధంతా చేరింది. అన్నీ తేలేసరికి ఎం.ఎం.ఎం.కి 34, లేబర్ వాళ్లకి 28, దువాల్ పార్టీకి 8. మరిది గంతులేశాడు. రోజులు గడవకుండానే లేబరూ దువాలూ కలిసి 36 అయ్యారు, చాచాయే మళ్లీ ప్రధాని. "ఎక్కువ మంది నెగ్గినోళ్లు ఎలా ఓడిపోనారే?" అని అత్తయ్య నన్నడిగింది. విజయనగరం కాలేజీలో పౌరశాస్త్రం చదివిన నేను ఓపిగ్గా వివరించాను. ఆవిడ పూర్తిగా విని, "అయితే మరి ఓట్లెందుకు" అని బియ్యం చెరగడానికి వెళ్లిపోయింది. అయితే ఒకటి. ఎన్నికలకు ముందు చాచా ఇచ్చిన మాట ప్రకారం 1977 జనవరి నుంచి సెకండరీ చదువు ఉచితమైంది. మా వీధిలో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడపిల్లలు నీలం యూనిఫారాలు వేసుకుని బస్సెక్కారు. నేను సాయంత్రాలు తెలుగు చెప్పే బడిలో పెద్దపిల్లల వరస ఆ ఏడాదే మొదలైంది. విద్యార్థుల పోరాటం వల్ల వచ్చిందని మరిది, చాచా దయ వల్ల వచ్చిందని మామయ్య. ఇద్దరూ చెప్పింది నిజమే అనుకుంటాను.

1982 జూన్ 11న జరిగినది మాత్రం ఎవరూ ఊహించలేదు. చలికాలం, చెరకు కోతలు మొదలైన రోజులు. గుండె గుర్తు కూటమి ద్వీపంలోని 60 స్థానాలకి 60 గెలిచింది. లేబర్‌కి సున్నా. రేడియోలో ఐదో నంబరు నియోజకవర్గం చదివినప్పుడు మామయ్య చెయ్యెత్తి అందరినీ ఆగమన్నారు. "చాచా కూడానా? ఇంకోపాలి సెప్పమను" అన్నారు, రేడియో వింటుందన్నట్టు. ఆయన వయసు డెబ్బైకి దగ్గర పడుతోంది. మరిది ఆ రోజు కేకలు వెయ్యలేదు. తండ్రి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. వీధిలో టపాకాయలు పేలుతుంటే లేచి వెళ్లి కిటికీ రెక్కలు మూసి వచ్చాడు. ఆ ఒక్క పనికి వాడంటే నాకు ఇవాళ్టికీ గౌరవం.

ఆ మరుసటి జనవరిలో మా అన్నయ్య బొబ్బిలి నుంచి ఉత్తరం రాశాడు. ఎన్టీ రామారావు తొమ్మిది నెలల పార్టీతో కాంగ్రెస్‌ని ఊడ్చేశాడని, ఊళ్లో జనం పండగ చేసుకుంటున్నారని నాలుగు పేజీలు. నేను తిరుగు టపాలో మా 60 సున్నా కథ రాశాను. ఆ జవాబు వాడికి చేరేసరికి ఇక్కడి ప్రభుత్వం చీలిపోయింది. మార్చి 12న స్వాతంత్ర్య దినోత్సవానికి జాతీయగీతాన్ని టీవీలో క్రియోల్‌లో వినిపించడంతో గొడవ ముదిరింది. అసలు కారణాలు డబ్బు, పెత్తనం. కానీ సంతలో, బస్సులో, గుడి దగ్గర వినబడింది ఒకటే మాట: మన భాషలు పోతాయి. నేను తెలుగు పంతులమ్మని, ఆ మాట నాకు గుచ్చుకుంది. భయపడ్డాను. ప్రధాని అనిరుధ్ జగన్నాథ్ ఎం.ఎం.ఎం. నుంచి విడిపోయి ఎం.ఎస్.ఎం. పెట్టి, సూర్యుడి గుర్తు మీద, చాచానీ దువాల్‌నీ కూడా కలుపుకుని ఆగస్టులో గెలిచారు. ఆ ఆగస్టులో నా మూడు ఓట్లూ ఆ వైపే పడ్డాయి. మరిది ముఖం చూస్తే తెలిసిపోతుందని వారం రోజులు వంటింట్లోనే పనులు కల్పించుకున్నాను.

అప్పటి నుంచీ ఇంటికొచ్చే పార్టీ మనుషుల మాటతీరు మారిందని నా అభిప్రాయం. అంతకు ముందూ ఉండేదే కావొచ్చు, నాకు వినబడేది కాదు కావొచ్చు. కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, చిన్న నోటుబుక్కు తీసి, ఈ నియోజకవర్గంలో తెలుగువాళ్లెంత, తమిళులెంత, మరాఠీలెంత, హిందువుల్లో ఏ కులం ఎంత అని లెక్కలు చెప్పేవాడు ఒకాయన. 'ను బాన్' అనేవాడు, మనవాళ్లు అని. టిక్కెట్లలో ఒక తెలుగు పేరుంటుంది కాబట్టి మా ఇంటి ఓట్లన్నీ ఖాయమనేవాడు. పెళ్లివారి జాబితాలా ఉండేది ఆ నోటుబుక్కు. మామయ్య విని, చివరికి, "బాబూ, నాను తెలుగులో రాసి ఓటు తెచ్చుకున్నాను. తెలుగోణ్ణని ఓటెయ్యలేదు" అన్నారు. ఆయన అంత నిదానంగా, అంత గట్టిగా మాట్లాడింది నేను మళ్లీ వినలేదు.

1990 డిసెంబర్‌లో ఇక్కడ మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. మామయ్య తెల్లచొక్కా వేసుకుని మా ఆయన చెయ్యి పట్టుకుని వచ్చారు. ఆంధ్ర నుంచి వచ్చిన పెద్దలు మారిషస్ తెలుగువారు భాషని కాపాడుకున్నారని మెచ్చుకున్నారు. ఆయనకి అందులో సగం మాటలు అర్థం కాలేదు, గ్రాంథికం. కానీ వేదిక మీద గుడ్డ బ్యానరు మీది అక్షరాలని కూడబలుక్కుని చదువుకున్నారు. ఏడాది తిరక్కుండా పోయారు. 1992లో దేశం రిపబ్లిక్ అయిందని ఆయనకి తెలియదు.

1995లో మా అబ్బాయి మొదటి ఓటు వేశాడు. మళ్లీ 60 సున్నా, ఈసారి చాచా కొడుకు నవీన్ రామ్‌గూలామ్, బెరాంజే కలిసి. తాళంచెవీ గుండే ఒకే పోస్టరు మీద! అత్తయ్య ఆ పోస్టరు చూసి, ఇదేదో ముందే చేసుకుని ఉంటే మా ఇంట్లో అన్ని కంచాలూ ఒకేసారి లేచేవి కదా అంది. రామ్‌గూలామ్, జగన్నాథ్, దువాల్, బెరాంజే. తర్వాతి ఎన్నికలన్నీ ఈ నాలుగు ఇంటిపేర్లే విడిపోతూ కలుస్తూ నడిచాయి. ఎవరు ఎవరితో ఎప్పుడున్నారో ఇప్పుడు నన్ను వరసగా చెప్పమంటే తడబడతాను. 2003లో బెరాంజే ప్రధాని అయినప్పుడు మాత్రం మరిది ఫోను చేసి ఏడ్చాడు. హిందువు కాని మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

2014 ఎన్నికల ముందు నుంచీ మా అబ్బాయి ఒక విషయం మీద నాతో వాదిస్తున్నాడు. ఇక్కడ నామినేషన్ వేసే ప్రతి అభ్యర్థీ తాను హిందువో, ముస్లిమో, చైనా సంతతో, మిగతా జనాభానో చెప్పుకోవాలి. ఓడిన వాళ్లలోంచి ఎనిమిది మంది దాకా 'బెస్ట్ లూజర్లు'గా సభకి తీసుకుంటారు, తక్కువ పడ్డ వర్గాలకు చోటు దక్కడానికి. ఆ లెక్క ఇప్పటికీ 1972 జనాభా లెక్కల మీదే. తర్వాతి జనగణనల్లో వర్గం అడగడం మానేశారు. 1972లో నేను ఈ దేశం రాలేదు. మా అబ్బాయి పుట్టలేదు. ఆ కాగితాల్లో మా మామయ్య ఉన్నారు, అత్తయ్య ఉంది, వెనకింటి నుంచి వెళ్లిపోయిన కుటుంబం కూడా ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది. ఇప్పుడు బతికున్నవాళ్ల ప్రాతినిధ్యాన్ని ఆ పాత కాగితాలు నిర్ణయిస్తున్నాయి. 2014లో ఆ ఒక్క ఎన్నికకీ వర్గం చెప్పకపోయినా పరవాలేదన్నారు, తర్వాత మళ్లీ మామూలే. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. ఈ మాట రోడ్డు మీద నిలబడి చెప్పమన్నా చెబుతాను.

2024 నవంబర్ 10న మా మనవరాలు మొదటిసారి ఓటేసింది. పోలింగుకి కొద్ది రోజుల ముందు ప్రభుత్వం సామాజిక మాధ్యమాలని ఆపేసి, మర్నాడే వెనక్కి తగ్గింది. పెద్దవాళ్ల ఫోను సంభాషణలు రహస్యంగా రికార్డు చేసి బయటపెట్టిన గోలలో ఊళ్లో ఫోను ఎత్తడానికే భయపడ్డారు. మళ్లీ 60 సున్నా. నవీన్ రామ్‌గూలామ్ ప్రధాని, బెరాంజే ఉప ప్రధాని అయ్యారు. మరుసటి ఆదివారం మరిది భోజనానికి వచ్చాడు. జుట్టంతా నెరిసింది, కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. మనవరాలు ఆ 1972 లెక్కని ఎత్తి, తీసెయ్యాలి అంది. నేను దాని వైపే.

మరిది ఒప్పుకోలేదు. "వదినా, మీరు 74లో వచ్చారు. 68 జనవరి మీరు చూడలేదు. మొత్తం అరవై ఒకళ్లకే పోతే, తక్కువ మంది ఉన్నవాళ్లు రాత్రి ఎలా నిద్రపోతారు? తీసెయ్యండి. తీసేసే ముందు దాని చోట ఏం పెడతారో చెప్పండి" అన్నాడు. గుండె గుర్తు కాగితం పెట్టెలో దాచుకున్న కుర్రాడు ఈ మాట అంటాడని నేను అనుకోలేదు. మనవరాలు దామాషా పద్ధతి గురించి ఏదో చెప్పింది. వాడు సభలో ఎన్ని కుర్చీలు, ఎవరికెన్ని అని చెయ్యి తుడుచుకుని కాగితం అడిగాడు. నేను బీరువాలోంచి తెచ్చిన కాగితాల కట్టలో మామయ్య తూకాల పుస్తకం కూడా వచ్చింది. వాడు దాన్ని తెరిచి, ఆ అంకెలు చదవడం రాక నన్నడిగాడు. చదివి చెప్పాను. తర్వాత ఇద్దరూ మళ్లీ కుర్చీల లెక్కలో పడ్డారు, పులుసు చల్లారిపోతోందన్నా వినకుండా.